బాస్కెట్‌బాల్ కొట్లాట మధ్యలోకి కోచ్ వెళ్లొచ్చా? వెళ్లి ఏం చెయ్యాలి? (మహోర్న్ 2008, స్టేలీ–మల్కీ 2024)

బాక్సౌట్_భవాని
పాత క్లిప్ ఒకటి మళ్లీ అన్ని గ్రూపుల్లో తిరుగుతోంది. 2008 జులై 22, ఆబర్న్ హిల్స్ ప్యాలెస్, అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో డెట్రాయిట్ షాక్ – లాస్ ఏంజెలెస్ స్పార్క్స్ మ్యాచ్. ఇంకా 4.6 సెకన్లే ఉన్నాయి. ఫ్రీ త్రో దగ్గర బాక్సౌట్‌లో (రీబౌండ్ కోసం ఎదుటివాళ్లని ఒంటితో అడ్డుకోవడం) మొదలైన తోపులాట ముదిరి షాక్ ప్లేయర్ ప్లెనెట్ పియర్సన్, స్పార్క్స్ ప్లేయర్ కాండేస్ పార్కర్ కలబడ్డారు, బెంచీలు లేచొచ్చాయి. షాక్ అసిస్టెంట్ కోచ్ రిక్ మహోర్న్ మధ్యలోకి వచ్చాడు, అతని చెయ్యి తగిలి స్పార్క్స్ ప్లేయర్ లీసా లెస్లీ వెల్లకిలా పడింది. విడదీయడానికే వెళ్లానన్నాడు. లీగ్ మాత్రం 2 మ్యాచ్‌లు బయట కూర్చోబెట్టింది.

క్లిప్ కింద సగం మంది "ఆడపిల్లని తోసిన మగాడు" అంటున్నారు, మిగతా సగం "పాపం, మంచికి పోయాడు" అంటున్నారు. రెండూ నాకు మింగుడుపడట్లేదు. ఇలాంటప్పుడు కోచ్‌ని దేన్నిబట్టి తూచాలి? ఉద్దేశం చూడాలా, చేసిన పని చూడాలా? రూల్ తెలిసినవాళ్లు చెప్పండి, తీర్పులు తర్వాత.

నిమ్మసోడా
ఇందులో తూచడానికేముంది. ఆయన 6 అడుగుల 10 అంగుళాల మనిషి. ఒకప్పుడు మొరటు ఆటకి పేరుపడ్డ ఎన్‌బీఏ (మగవాళ్ల లీగ్) జట్టు డెట్రాయిట్ పిస్టన్స్ "బ్యాడ్ బాయ్స్"లో ఒకడు. అలాంటివాడు చెయ్యి పెడితే ఎవరైనా పడతారు.

ట్రాయ్_తెలుగోడు
@నిమ్మసోడా లెస్లీ కూడా 6 అడుగుల 5 అంగుళాలు బ్రదర్, గాలికి ఎగిరిపోయే మనిషి కాదు. వీడియో మెల్లగా పెట్టి చూడండి. ఆయన పిడికిలి ఎత్తలేదు, గుద్దలేదు. గుంపు నుంచి ఆమెని వెనక్కి నెట్టాలని చెయ్యి చాచాడు, ఆమె తూలి పడింది. ఆ వెంటనే స్పార్క్స్ ప్లేయర్ డెలీషా మిల్టన్-జోన్స్ వచ్చి ఆయన వీపు మీద ఒకటిచ్చింది. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

విజిల్_మాస్టారు
రూల్ అడిగారు కాబట్టి ముందు అది. మన దగ్గర స్కూల్ గేమ్స్ నుంచి నేషనల్స్ దాకా నడిచేది ఫిబా (ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్‌బుక్. కొట్లాటకి అందులో విడిగా ఆర్టికల్ 39 ఉంది. గొడవ జరుగుతున్నప్పుడే కాదు, గొడవకి దారితీసేలా ఉన్నప్పుడు కూడా సబ్‌స్టిట్యూట్లు, ఐదు ఫౌళ్లతో బయటికొచ్చినవాళ్లు, జట్టుతో వచ్చిన మేనేజర్, ఫిజియో లాంటివాళ్లు బెంచ్ ఏరియా గీత దాటితే డిస్‌క్వాలిఫై. కొట్టారా లేదా అన్నది అనవసరం, గీత దాటడమే తప్పు.

ఇద్దరికే మినహాయింపు. హెడ్ కోచ్, ఫస్ట్ అసిస్టెంట్ కోచ్ లోపలికి రావచ్చు. అదీ ఊరికే రాకూడదు, పరిస్థితి అదుపులోకి తేవడంలో రిఫరీలకి సాయం చెయ్యడానికే రావాలి. వచ్చి చేతులు కట్టుకుని నిలబడినా, సాయం చేసే ప్రయత్నం కనపడకపోయినా వాళ్లూ డిస్‌క్వాలిఫై. కాబట్టి "ఉద్దేశం మంచిదే" అన్న వాదనకి రూల్‌లో చోటు తక్కువ. రిఫరీ చూసేది ప్రయత్నం కంటికి కనపడిందా అని.

కరీంనగర్_కార్నర్
గంటే సెకండ్ అసిస్టెంట్ ఉరికొస్తే ఆయన కథ ఖతమేనా మాస్టారూ? మంచికే వచ్చినా?

విజిల్_మాస్టారు
ఖతమే. స్కోర్‌షీట్‌లో ఫస్ట్ అసిస్టెంట్ అని ఎవరి పేరు రాశారో ఆయన ఒక్కడికే ఆ వీలు. చాలా జట్లు ఆ గడిలో ఎవరో ఒకరి పేరు రాసి పారేస్తాయి. మనుషుల్ని పట్టి ఆపగలిగే నిబ్బరం ఎవరికి ఉందో చూసి రాయాలి.

డంకుల_దొర
డబ్ల్యూఎన్‌బీఏ ఫిబా రూల్స్‌తో ఆడదు కదా. అక్కడి లెక్క వేరు, కలపకండి.

విజిల్_మాస్టారు
వేరే. కానీ బెంచ్ దిగితే వేటు అన్నది అక్కడా అంతే. ఆ రాత్రి గొడవకి మొత్తం 10 మంది ప్లేయర్లు, 1 అసిస్టెంట్ కోచ్ సస్పెండ్ అయ్యారు. అందులో చాలామంది ఎవర్నీ ముట్టుకోలేదు, బెంచ్ వదిలారంతే. పియర్సన్‌కి అందరికంటే ఎక్కువ, 4 మ్యాచ్‌లు.

ట్రాయ్_తెలుగోడు
ఆ సస్పెన్షన్ల దెబ్బకి షాక్‌కి ఆడేవాళ్లు కరువై 50 ఏళ్ల నాన్సీ లీబర్మన్‌ని 7 రోజుల కాంట్రాక్ట్ మీద తెచ్చుకుని కోర్టులోకి దించారు. అదొక్కటే మ్యాచ్, అయినా రికార్డు పుస్తకాల్లో నిలిచిపోయింది.

కరీంనగర్_కార్నర్
50 ఏండ్లకు డబ్ల్యూఎన్‌బీఏ! మన పీఈటీ సార్లు ఇంకా ఆశ పెట్టుకోవచ్చన్నమాట.

లేడీ_పివట్
మహోర్న్ విషయంలో అందరూ "మగాడు, ఆడపిల్ల" దగ్గరే ఆగిపోతున్నారు. నా అభ్యంతరం అది కాదు. ఆయన స్థానంలో అంతే ఎత్తున్న ఆడ కోచ్ ఉన్నా అది తప్పే. ఆయన ముట్టుకున్నది ఎదుటి జట్టు ప్లేయర్‌ని. అసలు తప్పు అక్కడ జరిగింది.

గొడవలో కోచ్ చెయ్యి వెయ్యాల్సింది తన జట్టు మీద. దానికి కారణం మర్యాద ఒక్కటే కాదు. మన అమ్మాయికి మన గొంతు తెలుసు, మన చెయ్యి తెలుసు, పట్టుకోగానే సగం తగ్గుతుంది. అవతలి అమ్మాయికి మనం శత్రువు బెంచ్ నుంచి వచ్చిన మనిషి. మనం పట్టుకుంటే అది దాడి అనుకుంటుంది, విదిలిస్తుంది. ఆమె జట్టువాళ్లు కూడా అలాగే చూస్తారు. మిల్టన్-జోన్స్ చేసింది అదే కదా, తన టీమ్‌మేట్ పడిపోవడం చూసి వెనకనుంచి వచ్చి కొట్టింది. అంటే విడదీయడానికి వెళ్లిన మనిషి ఇంకో గొడవకి కారణమయ్యాడు.

బాక్సౌట్_భవాని
@లేడీ_పివట్ ఇదే నేను మాటల్లో పెట్టలేకపోయింది. కానీ ఎదుటి ప్లేయరే మీదికొస్తుంటే? మన పిల్ల కింద పడి ఉంది, అవతలి అమ్మాయి దూసుకొస్తోంది. చూస్తూ ఊరుకోవాలా?

లేడీ_పివట్
అడ్డంగా నిలబడాలి, తొయ్యకూడదు. తేడా ఉంది. మోకాళ్లు కొంచెం వంచి, కాళ్లు భుజాల కంటే వెడల్పుగా పెట్టి, చేతులు కిందికి దించి అరచేతులు తెరిచి ఉంచి, మన పిల్లకీ ఆమెకీ మధ్యలోకి ఒళ్లు తీసుకెళ్లాలి. వచ్చి గుద్దుకుంటే గుద్దుకోనివ్వండి. వీలైతే వీపు ఆమె వైపు, మొహం మన పిల్ల వైపు. చేతులు ఛాతీ ఎత్తుకి లేచాయంటే అది తోపు కిందికే వస్తుంది, వీడియోలో అలాగే కనపడుతుంది.

డంకుల_దొర
వీపు తిప్పితే మిల్టన్-జోన్స్ లాంటివాళ్లు ఇస్తారు మరి 😄

లేడీ_పివట్
ఇస్తే తీసుకోవాలి. జీతంలో అదీ భాగమే.

పీడీ_గుంటూరు
నిన్నటి నుంచి చదువుతున్నా. ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. కోచ్ మొదటి పని కోర్టులోకి పరిగెత్తడం కాదు, వెనక్కి తిరగడం. తన బెంచ్ వైపు. గొడవ రాజుకోవడానికీ బెంచ్ లేవడానికీ మధ్య ఒకటి రెండు సెకన్లే ఉంటుంది. ఆ లోపు హెడ్ కోచ్ చెయ్యి చాచి "కూర్చో" అని ఒక్క కేక వెయ్యాలి. ఆ తర్వాతే లోపలికి. రెండో అసిస్టెంట్, మేనేజర్, ఫిజియో ముగ్గురూ బెంచ్ ముందు, గీతకి లోపలే, చేతులు చాచి వరసగా నిలబడాలి. ఎవరు ఏ కుర్చీల ముందు నిలబడతారో సీజన్ మొదట్లోనే చెప్పి, ప్రాక్టీస్‌లో రెండు మూడుసార్లు చేయించాలి. నవ్వుకుంటారు, ఫర్వాలేదు.

ఫైర్ డ్రిల్ చేయిస్తాం, ఇది చేయించం. 2008లో సస్పెండ్ అయిన ప్లేయర్లు ఎక్కువగా బెంచ్ నుంచి లేచొచ్చినవాళ్లే. ఆ లెక్కన షాక్ హెడ్ కోచ్ బిల్ లైంబీర్‌ని వదిలేసి మహోర్న్ ఒక్కడి మీద పడటం నాకు సబబుగా లేదు.

విజిల్_మాస్టారు
ఫిబాలో ఈ బాధ్యత స్కోర్‌షీట్ మీదే కనపడుతుంది. బెంచ్ దిగి ఎంతమంది డిస్‌క్వాలిఫై అయినా, ఒక్కరైనా ఏడుగురైనా, హెడ్ కోచ్ ఖాతాలో ఒక బెంచ్ టెక్నికల్ ఫౌల్ పడుతుంది. మా పిల్లలు నా మాట వినలేదు సార్ అంటే కుదరదు.

నిక్స్_నరసింహ
బెంచ్ దిగితే ఏమవుతుందో 1997 ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో ఆడిన న్యూయార్క్ నిక్స్‌ని అడగండి. మయామి మీద సిరీస్ 3-1తో ముందున్నారు. ఐదో మ్యాచ్‌లో నిక్స్ ప్లేయర్ చార్లీ వార్డ్ గొడవ, ఐదుగురు నిక్స్ ప్లేయర్లు సస్పెండ్. అందర్నీ ఒకేసారి తీస్తే జట్టే ఉండదని ఆరో మ్యాచ్‌కి కొందర్ని, ఏడో మ్యాచ్‌కి కొందర్ని ఆపారు. ప్యాట్రిక్ ఈవింగ్ చేసిందల్లా బెంచ్ వదిలి నాలుగడుగులు వెయ్యడం. సిరీస్ 4-3తో పోయింది.

అప్పుడు నిక్స్ కోచ్ జెఫ్ వాన్ గండీ. మరుసటి ఏడాది మళ్లీ మయామి మీదే, మయామి ప్లేయర్ మోర్నింగ్, నిక్స్ ప్లేయర్ లారీ జాన్సన్ కొట్టుకుంటుంటే ఇదే వాన్ గండీ పరిగెత్తుకెళ్లి మోర్నింగ్ కాలు పట్టుకుని వేలాడాడు, మోర్నింగ్ ఆయన్ని నేలమీద ఈడ్చుకుపోయాడు. ఆ ఫోటో చూడనివాళ్లుండరు.

కరీంనగర్_కార్నర్
గా ఫోటో చూస్తే తిరునాళ్లల్ల నాయిన కాలు పట్టుకుని బొమ్మ కొనియ్యమని ఏడ్చే పోరడే యాదికొస్తడు 😂

డంకుల_దొర
@లేడీ_పివట్ మీ సూత్రం ప్రకారం వాన్ గండీది కూడా తప్పే. ఎదుటి జట్టు ప్లేయర్‌నే పట్టుకున్నాడు.

లేడీ_పివట్
తప్పే. నవ్వొచ్చింది కాబట్టి మాఫీ అయిపోయింది. ఆయన పొట్టి, ఎవరికీ దెబ్బ తగల్లేదు. మహోర్న్ అదే పని చేస్తే మనిషి కిందపడింది. లీగ్ ఫలితం చూసి శిక్ష వేస్తుంది, మనం పని చూసి నేర్చుకోవాలి.

ట్రాయ్_తెలుగోడు
ఒప్పుకోను. ఆ రాత్రి రిఫరీలు ముగ్గురు, కోర్టు మీద ఇరవై మంది దాకా. ఎదుటి జట్టు కోచ్ మైకేల్ కూపర్ తన మనుషుల్ని చూసుకుంటున్నాడు. లెస్లీ ఎటు వెళ్తుందో చూసేవాళ్లెవరు? దగ్గరున్న పెద్దమనిషి ఎవరైనా ఆపాలి. "మా జట్టు కాదు, నాకెందుకు" అని నిలబడితే ఇంకెవరికో పళ్లు ఊడేవి. ఇంకో వారం పది రోజుల్లో లెస్లీ, పార్కర్, మిల్టన్-జోన్స్ బీజింగ్ ఒలింపిక్స్ జట్టుతో బయల్దేరాలి, వాళ్లకేమైనా అయితే?

పీడీ_గుంటూరు
గాయం మాట మీరే తెచ్చారు కాబట్టి చెప్తున్నా. ఆ రాత్రి నిజంగా సీజన్ పోగొట్టుకున్నది షాక్ ప్లేయర్ షెరిల్ ఫోర్డ్. కొట్టలేదు, కొట్టించుకోలేదు. తన సొంత టీమ్‌మేట్ పియర్సన్‌ని పట్టి ఆపబోయి మోకాలి ఏసీఎల్ (కీలుని పట్టి ఉంచే లిగమెంట్) తెగింది.

అందుకే పట్టుకునే పద్ధతి కూడా నేర్పాలి. సాధారణంగా జరిగే తప్పులివి. ఒకటి, ఒక కాలి మీద బరువు వేసి పక్కకి తిరుగుతూ లాగడం. పాదం నేలకి అతుక్కుని ఉంటుంది, ఒళ్లు తిరుగుతుంది, మోకాలు మెలిపడుతుంది. పట్టుకున్నాక తిరగకూడదు, చిన్న చిన్న అడుగులతో తిన్నగా వెనక్కి నడవాలి. రెండోది ఇంకా ప్రమాదం. మన పిల్ల రెండు చేతుల్నీ వెనకనుంచి బిగించి పట్టేస్తారు. అవతలివాళ్లు ఇంకా కొడుతుంటే ఆమె మొహం కాచుకోలేదు, మనం పట్టుకుని కొట్టించినట్టవుతుంది. ముందునుంచి వెళ్లి నడుము చుట్టూ చేతులు వేసి, తల ఆమె భుజం పక్కకి పెట్టి, ఆమె చూపుకి అడ్డం వచ్చేలా నెట్టుకుంటూ బెంచ్ వైపు తీసుకురావాలి. అవతలి మనిషి కనపడకపోతే కోపం త్వరగా దిగుతుంది. మెడ చుట్టూ చెయ్యి మాత్రం వెయ్యొద్దు, జెర్సీ పట్టి లాగొద్దు.

లేడీ_పివట్
@పీడీ_గుంటూరు చెప్పిన దానికి ఒక చిన్న సవరణ. మగ కోచ్‌లు ఆడపిల్లల జట్లతో ఉన్నప్పుడు నడుము పట్టుకోవడానికి జంకుతారు, ఆ తడబాటులో చెయ్యి ఎక్కడ పడుతుందో తెలీదు. మోచేతుల పైన, రెండు వైపులా బయటినుంచి పట్టుకుని ముందుకి నడిపితే చాలు. జట్టులో మహిళా అసిస్టెంట్ ఉంటే ఫస్ట్ అసిస్టెంట్ గడిలో ఆమె పేరే రాయండి, @విజిల్_మాస్టారు చెప్పిన మినహాయింపు ఆమెకి దక్కుతుంది.

నిమ్మసోడా
చేతుల సంగతి సరే, నోటి సంగతో? 2024 మార్చి 10, అమెరికా కాలేజీ మహిళల ఎస్‌ఈసీ టోర్నీ ఫైనల్, గ్రీన్‌విల్. సౌత్ కరోలినా, ఎల్‌ఎస్‌యూ. సౌత్ కరోలినా ప్లేయర్ కమిల్లా కార్డోసో ఎల్‌ఎస్‌యూ ప్లేయర్ ఫ్లాజే జాన్సన్‌ని ఒక్క తోపుతో నేలమీద పడేసింది. మ్యాచ్ అయ్యాక ఎల్‌ఎస్‌యూ కోచ్ కిమ్ మల్కీ ప్రెస్ ముందు కూర్చుని, తోస్తే తమ జట్టులోని ఏంజెల్ రీస్‌ని తొయ్యాల్సింది, అంత చిన్నపిల్లని కాదు అనే అర్థంలో మాట్లాడింది. కోచ్ అనాల్సిన మాటేనా? మహోర్న్ చెయ్యికంటే ఇది నాకు ఎక్కువ తప్పుగా కనిపిస్తుంది.

బాక్సౌట్_భవాని
కార్డోసోని 6 అడుగుల 8 అంగుళాలు చేసేసింది మల్కీ. జట్టు జాబితాలో 6 అడుగుల 7 అంగుళాలు. కోపంలో ఒక అంగుళం పెరిగింది.

ఎస్ఈసీ_సుబ్బు
సందర్భం మొత్తం చెప్పండి. 2 నిమిషాల 8 సెకన్లు ఉన్నాయి, సౌత్ కరోలినా 73-66తో ముందుంది. మైలేషియా ఫుల్వైలీ బంతి దొంగిలించి దూకుతుంటే ఫ్లాజే కావాలనే ఫౌల్ చేసి ఆపింది. సౌత్ కరోలినా ప్లేయర్ యాష్లిన్ వాట్కిన్స్ వచ్చి ఫ్లాజేకి ఒళ్లు తగిలించింది, ఫ్లాజే ఆమెని తోసింది, అప్పుడు కార్డోసో వెనకనుంచి పరిగెత్తుకొచ్చి ఫ్లాజేని తోసింది. ప్రేక్షకుల్లోంచి ఫ్లాజే అన్న స్కోర్ టేబుల్ మీదుగా దూకి కోర్టులోకి వచ్చాడు, పోలీసులు పట్టుకెళ్లారు. కార్డోసో అవుట్, బెంచ్ దిగినవాళ్లంతా అవుట్, రెండు బెంచీలూ దాదాపు ఖాళీ. ఆఖరికి సౌత్ కరోలినా 79-72.

సౌత్ కరోలినా కోచ్ డాన్ స్టేలీ గెలిచాక మైక్ ముందే, కప్పు గురించి మాట్లాడకముందే, తమ జట్టు వంతు తప్పుకి క్షమాపణ చెప్పింది. మల్కీ కూడా మొదట ఇలాంటివి ఎవరికీ మంచిది కాదు అనే అంది. దాని తర్వాత వచ్చిన రీస్ మాటే పేపర్లలో మిగిలింది.

డంకుల_దొర
మల్కీ తన పిల్లని వెనకేసుకొచ్చింది. 5 అడుగుల 10 అంగుళాల అమ్మాయిని అంత పొడుగు మనిషి పరిగెత్తుకొచ్చి తోస్తే కోచ్‌కి మండదా? స్టేలీకి గెలిచాక క్షమాపణ తేలిక. ఓడిపోయి చెప్తే తెలిసేది.

ఎస్ఈసీ_సుబ్బు
తేలికేం కాదు. స్టేలీ తన ప్లేయర్‌ని వెనకేసుకురాలేదు, గాలికీ వదిలెయ్యలేదు, భావోద్వేగాలు చెయ్యిదాటాయని చెప్పి ఆ బరువు జట్టు మీద వేసుకుంది. కార్డోసో కూడా అదే రోజు క్షమాపణ రాసింది. కొట్లాటకి కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ వేటు తర్వాతి ఒక మ్యాచ్, అది జాతీయ టోర్నమెంట్ మొదటి రౌండ్ ప్రెస్బిటేరియన్ మీద పడింది. ఆ తర్వాత అదే కార్డోసోతో 38-0, ఫైనల్లో అయోవా మీద 87-75. మల్కీ మాట వల్ల జరిగిన నష్టం వేరే. ఆమె తన జట్టులోని ఇంకో అమ్మాయి పేరు తెచ్చి, "కొట్టుకోవాలంటే దీంతో కొట్టుకోండి" అన్నట్టు చేసింది. రీస్ అప్పటికే ప్రతి గొడవలో జనం వెతికే పేరు.

లేడీ_పివట్
+1. ప్రెస్ మీట్‌లో నా లెక్క ఇది. మొదటి వాక్యం మన జట్టు చేసిన దాని గురించి. ఎదుటి ప్లేయర్ పేరు తియ్యొద్దు, ఎత్తు బరువులు అసలే వద్దు. రిఫరీల సంగతి లిఖితపూర్వకంగా కమిటీకి. వీడియో మళ్లీ చూడకుండా ఎవరు మొదలెట్టారో చెప్పొద్దు.

నిక్స్_నరసింహ
రిఫరీల సంగతి రాతలో అంటే ఎప్పటికీ తెమలదు. 2025 జూన్ 17, ఇండియానా ఫీవర్ – కనెక్టికట్ సన్. ఆఖర్లో సోఫీ కన్నింగ్‌హామ్ ఫౌల్, తోపులాట. ఫీవర్ కోచ్ స్టెఫనీ వైట్ తర్వాత బాహాటంగానే చెప్పింది, మొదటి క్వార్టర్ నుంచే రిఫరీలకి చెప్తూ వచ్చాం, ముదురుతోందని అందరికీ కనపడుతూనే ఉందని. అది కూడా కోచ్ బాధ్యతే కదా?

విజిల్_మాస్టారు
చెప్పడం బాధ్యతే. చెప్పినంత మాత్రాన తీరిపోదు. కోచ్ చేతిలో ఇంకో రెండు పనిముట్లున్నాయి, టైమౌట్, సబ్‌స్టిట్యూషన్. ఒకే జంట రెండుసార్లు మోచేతులు ఆడించుకుంటే వాళ్లలో మన పిల్లని మూడు నిమిషాలు కూర్చోబెట్టండి, లేదా డిఫెన్స్‌లో జోడీ మార్చండి. ఫ్రీ త్రో లేన్‌లో వాళ్లిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టొద్దు. 2008 గొడవ పుట్టింది లేన్ దగ్గరే. తేడా తేలిపోయిన మ్యాచ్‌లో ఆఖరి రెండు నిమిషాలు ఇంకా ప్రమాదం. ఓడేవాళ్లు ఆపడానికి గట్టిగా ఫౌల్ చేస్తారు, గెలిచేవాళ్లకి అది అవమానంగా తగులుతుంది. గ్రీన్‌విల్‌లో జరిగింది అచ్చం అదే.

ట్రాయ్_తెలుగోడు
ఇంత చెప్పాక కూడా మహోర్న్‌కి 2 మ్యాచ్‌లు ఎక్కువేనంటాను. మరుసటి ఏడాది లైంబీర్ తప్పుకుంటే అదే షాక్ ఆయన్నే హెడ్ కోచ్ చేసింది. ఆ జట్టు ప్లేయర్లకి ఆయన మీద అనుమానం ఉంటే అలా జరిగేదా?

లేడీ_పివట్
ఆయన మనిషి మంచివాడా కాదా అన్నది ఎవరూ అడగలేదు బ్రదర్. చెయ్యి ఎవరి మీద వేశాడన్నదే ప్రశ్న. 2 సరిపోయింది నా లెక్కలో.

పీడీ_గుంటూరు
మన దగ్గర సంగతి కొంచెం. ఇంటర్-స్కూల్, యూనివర్సిటీ మ్యాచ్‌ల్లో చాలాచోట్ల రిఫరీలు ఇద్దరే, రీప్లే ఉండదు. ఒకరు కలబడినవాళ్ల దగ్గరికి వెళ్తే రెండోవారు దూరంగా నిలబడి రెండు బెంచీలూ చూస్తూ నంబర్లు గుర్తుపెట్టుకోవాలి. ఇద్దరూ మధ్యలో దూరితే బెంచ్ ఎవరు దిగారో తేలదు, తర్వాత ఆఫీసులో పంచాయితీ. టేబుల్ దగ్గర స్కోరర్, టైమర్ కూడా గడియారం ఆపి నంబర్లు రాసుకుంటే రిఫరీకి చాలా సాయం. కోచ్‌లు ఆ సమయంలో టేబుల్ దగ్గరికి పోయి వాదించొద్దు. పిల్లల్ని బెంచ్‌లో కూర్చోబెట్టి మీరూ కూర్చోండి. చాలా మన మైదానాల్లో జనం గీతని ఆనుకునే నిలబడతారు. మ్యాచ్‌కి ముందే రెండు మీటర్లు వెనక్కి జరపమని నిర్వాహకుల్ని అడగండి. జరపకపోతే మొదలుపెట్టొద్దనండి.

కరీంనగర్_కార్నర్
ఇంకొక్క డౌట్. రెండు టీములోళ్లు సమానంగా డిస్‌క్వాలిఫై అయితే ఫ్రీ త్రోలు ఎవరికి?

విజిల్_మాస్టారు
సమానమైన పెనాల్టీలు కొట్టేసుకుంటాయి. ఇంకే ఫౌల్ పెనాల్టీ మిగలకపోతే, గొడవ మొదలైనప్పుడు బంతి ఎవరి చేతిలో ఉందో వాళ్లకే, ఆట ఆగిన చోటికి దగ్గర్లో త్రో-ఇన్. అదే క్షణంలో బాస్కెట్ పడి ఉంటే, వేయించుకున్న జట్టుకి ఎండ్‌లైన్ నుంచి. బంతి ఎవరిదీ కాకపోతే టేబుల్ మీద వంతు చూపే బాణం ఎటుంటే అటు.

బాక్సౌట్_భవాని
జట్టు డాక్టర్? కొట్లాటలో మన పిల్లకి తల పగిలి పడి ఉంటే ఆయన గీత దాటితే కూడా డిస్‌క్వాలిఫైయేనా?

విజిల్_మాస్టారు
గాయపడిన ప్లేయర్‌కి వెంటనే వైద్యం అవసరమని డాక్టర్‌కి అనిపిస్తే రిఫరీ అనుమతి లేకుండానే లోపలికి రావచ్చు, అది వేరే క్లాజ్. కానీ తిన్నగా గాయపడ్డ మనిషి దగ్గరికే వెళ్లాలి, చేతిలో కిట్ కనపడాలి. దారిలో ఆగి ఎవర్నైనా లాగడం మొదలుపెడితే ఆయన్నీ బెంచ్ మనిషి కిందే లెక్కేస్తాం.